రెండు చుక్కలు మామూలేనట!

పండగ సేల్ అయిపోయింది. ఇక తెరల మీద చుక్కలు వెతుక్కునే కాలం. ఆన్‌లైన్ షాపింగ్‌లో ఇన్నాళ్లూ "7 రోజుల రీప్లేస్‌మెంట్" అని ఉన్న చోట "7 రోజుల సర్వీస్ సెంటర్ రీప్లేస్‌మెంట్" అని ఎందుకు మారిందో, పెట్టె విప్పినవాళ్లలో సగం మందికి ఈపాటికి అర్థమై ఉంటుంది. మధ్యలో చేరిన ఆ రెండు మాటల బరువు మాదాపూర్ వాళ్లకు తెలియదు. వాళ్లు లిఫ్టు దిగి రోడ్డు దాటితే సర్వీస్ సెంటర్. చేవెళ్లవాడు బస్సెక్కి, మర్రిచెట్ల కింద టిప్పర్ల వెనక పాకి, అప్పా జంక్షన్ దగ్గర కాసేపు జీవితాన్ని సమీక్షించుకుని, మెహదీపట్నంలో దిగి, అక్కడ టోకెన్ తీసుకుని కూర్చోవాలి. 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన కోకాపేట ఈ దారిలో వచ్చే గండిపేట మండలంలోనే ఉంది. డబ్బు ఇంత దూరం రాగలిగింది. మేం ట్యాబ్ కొన్న కంపెనీ టెక్నీషియన్ మాత్రం రాలేకపోతున్నాడు.

మా మేనల్లుడు గండిపేటలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. నోట్సు రాసుకుంటానని పదకొండు అంగుళాల ట్యాబ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. తెర నడుమ, లెక్క చేసే చోటనే, ఎప్పుడూ ఆరని ఆకుపచ్చ చుక్క. "మామా, గిది తెర సుక్కనో డెసిమల్ పాయింటో సమజైతలేదు" అంటాడు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి తేనె పూసిన గొంతుతో చెప్పింది: "సార్, ఒకటి రెండు పిక్సెల్స్ వరకూ నార్మల్ సార్. అది ఇంటర్నేషనల్ స్టాండర్డ్ సార్."

అంతర్జాతీయ ప్రమాణం! నిజమే, ఉంది. 2001లో ఐఎస్ఓ 13406-2 అని వచ్చింది, 2008లో దాని స్థానంలోకి 9241 వరుస వచ్చింది. తెరలను తరగతులుగా విడగొట్టారు. ఆ పాత ప్రమాణంలో రెండో తరగతి తెరకు పది లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగేవి రెండు, ఎప్పుడూ ఆరి ఉండేవి రెండు, ఎరుపు, పచ్చ, నీలాల్లో ఏదో ఒక ముక్క మాత్రమే చెడినవి ఐదు ఉండొచ్చు. మావాడి ట్యాబ్ 1920 అడ్డం, 1200 నిలువు. అంటే 23 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఈ లెక్కన నాలుగు వెలుగుచుక్కలు, నాలుగు చీకటిచుక్కలు, పదకొండు సగం చచ్చిన చుక్కలు దాకా వాడికి హక్కుగా రావాలి. ఒక్కటే వచ్చింది. మిగతావి ఎప్పుడిస్తారని అడగమన్నాను.

తెరల ఫ్యాక్టరీలో పెద్ద గాజుపలక మీద కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు పరుస్తారు. దుమ్ము రేణువు ఒకటి పడితే ఒకటి పోతుంది. పలకను కోశాక అన్నీ నిఖార్సుగా ఉన్నవే అమ్ముతామంటే ధర పెరుగుతుంది. ఇదంతా నాకు తెలుసు, ఒప్పుకుంటాను కూడా. ఒప్పుకోనిది ఏమిటంటే, ఏ తరగతి తెర అమ్ముతున్నారో అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. ర్యామ్ ఎంతో, బ్యాటరీ ఎంతో, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో పెట్టె మీద వేలెడంత అక్షరాల్లో ఉంటుంది. "ఈ తెరలో ఇన్ని చుక్కల దాకా చచ్చి ఉండొచ్చు" అన్న ముక్క ఎక్కడుందో చూపించిన వాడికి మా చెట్టు సపోటాలు బుట్టెడు పంపిస్తాను.

సగటు లెక్కల మాయ ఒకటుంది. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు కదా. వాటి తెర 1340కి 800, ఇంచుమించు పది లక్షల పిక్సెళ్లు. వాటిలో లోపాలున్నాయని నేను అనడం లేదు. ఉన్నాయనుకుంటే లెక్క ఎంత ముద్దుగా వస్తుందో చూడండి. తలా రెండు వెలుగు, రెండు చీకటి చొప్పున ఐదు లక్షల మందికి ఇరవై లక్షల చుక్కలు. అన్నీ కలిపి కుప్ప పోస్తే రెండు ట్యాబ్‌ల తెర కూడా నిండదు. ఐదు లక్షల్లో రెండు! కంపెనీ మేనేజరు ఈ లెక్క చూసి హాయిగా నిద్రపోతాడు. ఏడో ఎక్కం చూస్తున్న పిల్లకు మాత్రం ఏడేళ్ల నలభై తొమ్మిది మీద కూర్చున్న చుక్క కనిపిస్తూనే ఉంటుంది.

2021లో ఐప్యాడ్ మినీ కొన్నవాళ్లు పేజీ జరుపుతుంటే తెర ఒక పక్క ముందు, ఒక పక్క వెనక కదులుతోందని మొత్తుకుంటే, ఎల్‌సీడీ తెరలకు అది సహజమేనని ఆపిల్ సెలవిచ్చింది. పెద్ద కంపెనీలదీ ఇదే పాట.

చుక్క సంగతి ఇలా ఉండగా, అసలు నా ఒళ్లు మండించింది వీడియో. అన్‌బాక్సింగ్ వీడియో. అది లేకపోతే మీ ఫిర్యాదు ఫిర్యాదే కాదు.

ఆ వీడియో ఎలా ఉండాలో చెప్పే సూచనలు చదివారా? పార్సిల్ ఆరు పక్కలా కనపడాలి. చిరునామా చీటీ చదవగలిగేలా ఉండాలి. సీలు చెక్కుచెదరలేదని చూపించాలి. కోయడం కనపడాలి. లోపలి పెట్టె మళ్లీ ఆరు పక్కలా. సీరియల్ నంబర్. ఆన్ చేయడం. మధ్యలో ఎక్కడా ఆపకూడదు, కట్ చేయకూడదు, కెమెరా పక్కకు తిరగకూడదు. సినిమావాళ్లకు ఇలా ఏకబిగిన ఒక షాట్ తీయాలంటే వారం రిహార్సల్స్, క్రేను, నలభై మంది యూనిట్ కావాలి. మాకు మాత్రం ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో చాకు, పెట్టె పట్టుకోవడానికి దేవుడిచ్చిన మూడో చెయ్యి. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ట్యాబ్ కొనకూడదని నేరుగా చెప్పేస్తే సరిపోయేది.

మా వీధిలో దీనికొక పద్ధతి ఏర్పడిపోయింది. పార్సిల్ రాగానే పక్కింటివాళ్లను పిలవాలి. ఒకరు తీస్తారు, ఒకరు కోస్తారు, ఒకరు "లేబుల్ దగ్గరికి పెట్టు, ఇంకా దగ్గరికి" అంటూ డైరెక్షన్ చేస్తారు. పసిపిల్ల అడ్డం వస్తే కట్. కుక్కర్ విజిల్ వేస్తే ఫరవాలేదు, శబ్దం అడగలేదు. పెళ్లి వీడియోలు తీసే కుర్రాడు ఇప్పుడు వీటికీ వస్తానంటున్నాడు, ఆల్బమ్ అదనమట. సత్యనారాయణ వ్రతానికి పక్కింటివాళ్లను పిలిచినదానికన్నా దీనికే ఎక్కువసార్లు పిలుస్తున్నాం. ప్రసాదం ఒక్కటే తక్కువ.

ఆ సూచనలన్నీ తు.చ. తప్పకుండా పాటించి తీశామనుకోండి. పట్టపగలు, వరండాలో, ఎండలో తీస్తాం. తెర లోపాలు పగలు కనపడవు. అంచుల వెంట వెలుగు కారడం చూడాలంటే గది చీకటి చేసి తెరను నల్లగా పెట్టాలి. చచ్చిన చుక్క తెల్లటి తెర మీద కనపడుతుంది, ఇరుక్కుపోయిన చుక్క నల్లటి దాని మీద. అంటే ఇంట్లోకి తెచ్చుకుని, సెటప్ చేసుకుని, రాత్రయ్యాక, రంగు రంగుల తెరలు ఒక్కొక్కటే పెట్టి చూస్తేగాని తెలియదు. అప్పటికి వీడియో ఆగిపోయి ఉంటుంది. చుక్క కనపడ్డాక మళ్లీ తీసి పంపితే ఏమంటారు? "సార్, ఇది అన్‌బాక్సింగ్‌లో లేదు కదా సార్." పైగా తెరను ఫోన్‌తో ఫోటో తీస్తే గీతలు గీతలుగా అలలు పడతాయి. వాటిని చూపించి "ఇది మీ కెమెరా ప్రాబ్లమ్ సార్" అని ఇంకొకడు.

ఓపెన్ బాక్స్ డెలివరీ ఉందిగా అంటారు. ఉంది. డెలివరీ కుర్రాడు గేటు దగ్గరే పెట్టె విప్పుతాడు. "సార్, జల్ది ఓటీపీ చెప్పుర్రి, ఇంకా మస్తు పార్సిళ్లున్నయి." వాడి తప్పేం లేదు, వాడి పొట్ట ఆ లెక్కల మీదే నడుస్తుంది. ఆ ఎండలో, ఆ తొందరలో తెర పగలలేదని మాత్రం చూడగలం. ఓటీపీ చెప్పిన క్షణం నుంచి వస్తువు నిర్దోషం అని మనం సంతకం చేసినట్టే. తెర మీద లక్షల చుక్కలుంటే వాటిని ఒప్పుకోవడానికి అంకెలు ఆరు చాలు.

ఇంక వ్యంగ్యం నావల్ల కాదు. సూటిగా అడుగుతాను. నేను పెట్టె విప్పిన వీడియో మీకు కావాలి, సరే. మీరు పెట్టె కట్టిన వీడియో ఏదీ? ఫ్యాక్టరీలో ఆ తెరను చూసి పాస్ చేసిన వాడి వీడియో ఏదీ? గోదాములో దాన్ని విసిరినప్పటి వీడియో ఏదీ? డబ్బు ముందే కట్టినవాడు దొంగ, సరుకు తర్వాత పంపినవాడు దొర అన్న ఊహ మీద నడుస్తున్న వ్యాపారం ఇది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మొదటి నుంచి చివరిదాకా తిరగేయండి, అన్‌బాక్సింగ్ అన్న మాటే కనపడదు. వీళ్లు సొంతంగా రాసుకున్న సాక్ష్యచట్టం ఇది. మనం నోరు మూసుకుని పాటిస్తున్నాం.

మా బావది చేవెళ్ల దగ్గర వ్యవసాయం. వడ్లు కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే మొదట తేమ చూస్తారు. 17 శాతం దాటకూడదు. తాలు ఉందంటారు, మట్టి ఉందంటారు, మిల్లు దగ్గర ఇంకోసారి తరుగు తీస్తారు. కూరగాయలు మార్కెట్‌కు తెస్తే పెట్టెలో మెత్తబడిన టమాట ఒకటి కనపడితే చాలు, పెట్టె మొత్తం ధర పడిపోతుంది. "పది లక్షల గింజలకు రెండు తాలు గింజలు అంతర్జాతీయ ప్రమాణం" అని ఏ మిల్లరుకూ మా బావ చెప్పలేకపోయాడు. వడ్లు పండించేటప్పుడు వీడియో తీశానన్నా వినేవాడు లేడు. అదే మా బావ, ఆ తరుగు పోగా మిగిలిన డబ్బుతో కొడుక్కి ట్యాబ్ కొంటే, చచ్చిన చుక్కకు తరుగు లేదు. పైసా తగ్గదు. అమ్మేటప్పుడూ మా బావే నష్టపోవాలి, కొనేటప్పుడూ మా బావే సర్దుకోవాలి. మిల్లుకొక న్యాయం, తెరకొక న్యాయమా? ఈ లెక్కను "స్టాండర్డ్" అనే వాడి నోట్లో మన్ను కొట్టాలనిపిస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో ఇంకో నాటకం. తెర మూలన వెంట్రుక వాసి గీత కనపడితే "ఫిజికల్ డ్యామేజ్" అని రాసేస్తారు. ఆ గీత వాళ్ల బల్ల మీదే పడినా సరే. ఆ సెంటర్ చుట్టూ తిరగడానికి చిలుకూరు ప్రదక్షిణల పోలిక ఈపాటికి మీకు తట్టే ఉంటుంది, దయచేసి మానండి. బాలాజీ గుడిలో హుండీ లేదు. ఇక్కడ ఇన్‌స్పెక్షన్ చార్జీ ఉంది.

ఆ వినియోగదారుల చట్టంలో ఒక చోట చదివి నేను ఆగిపోయాను. సెక్షన్ 2(47). లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. ఎంత గడువులో? బిల్లులో రాసిన గడువులో. బిల్లులో ఏమీ రాయకపోతే 30 రోజులు. అర్థమైందా? బిల్లు మాట్లాడకపోతే మనకు నెల. అందుకే బిల్లు మాట్లాడుతుంది. ఏడు రోజులని మాట్లాడుతుంది. దాన్ని మనం ఇన్నాళ్లూ వాళ్లు చూపిస్తున్న ఉదారత అనుకుని, "రీప్లేస్‌మెంట్ ఉంది, కొనెయ్" అని పక్కవాళ్లకు చెబుతున్నాం.

2020 జూలైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. లోపం ఉంటే వెనక్కి తీసుకోననడానికి, డబ్బు వాపసు ఇవ్వననడానికి అమ్మకందారుకు వీల్లేదు. గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. మొదటిది ఎంత శ్రద్ధగా చేస్తారో! "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని గంటలోనే వచ్చేస్తుంది. చింతించడం వాళ్లకు ఉచితం కదా.

మావాడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాడు. వాళ్లు నమోదు చేసుకుని కంపెనీకి పంపారు. కంపెనీ పాత పాటే పాడింది, ఈసారి లిఖితపూర్వకంగా. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాస్తున్నాడు. కొన్నవాడు ఉండే చోటే కేసు వేయొచ్చు కాబట్టి, బెంగళూరో గురుగ్రామో పోనక్కర్లేదు, రంగారెడ్డి జిల్లా చాలు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. అయితే పరీక్ష చేస్తేగాని లోపం తేలదనుకుంటే కమిషన్ దాన్ని సీలు వేసి ప్రయోగశాలకు పంపొచ్చు, 45 రోజుల్లో నివేదిక రావాలి. ఆ పరీక్ష ఖర్చు ముందుగా కట్టవలసింది ఎవరు? ఫిర్యాదు చేసినవాడే. ట్యాబ్ ధర మీద ఇది ఇంకో వాయిదా.

రాసుకుంటూ రాసుకుంటూ ఒక చోట ఆగాడు. "మామా, గీడ నష్టపరిహారం ఎంత అడగాలె?"

"నన్నెందుకు అడుగుతవ్? పోయిన పంటకు క్వింటాలుకు ఎంత కోసిండ్రో మీ నాయిన్ని అడుగు. అదే రేటు వెయ్యి."