తుపాకీ నిపుణుడిగా చలామణి అయ్యే చిట్కాలు

ఏ తూటా ఏ తుపాకీదో తేల్చడానికి ల్యాబులో కళ్లు కాయలు కాచేలా కూర్చోవాలని ఎవరో చెప్పి ఉంటారు. నమ్మకండి. న్యూయార్క్ రాష్ట్రంలో మందులమ్ముకునే ఆల్బర్ట్ హామిల్టన్ ఏ ల్యాబులో చదివాడు? ఆయన దారి పట్టండి.

1. పేరు ముందు 'డాక్టర్' తగిలించండి. హామిల్టన్ చేసింది అదే. చదువు అడిగితే అనుభవం చెప్పండి, అనుభవం అడిగితే ఫీజు చెప్పండి.

2. మీకు కనబడ్డదే సాక్ష్యం. 1915లో చార్లీ స్టీలో అనే పాలేరు మీద జంట హత్యల కేసు నడిచింది. అతని రివాల్వర్ మూతి దగ్గరున్న లోపాలే తూటా మీద 9 గీతలు గీశాయని హామిల్టన్ ప్రమాణం చేశాడు. ఫోటోలో ఒక్కటీ లేదే అంటే, పొరపాటున అవతలి వైపు ఫోటో వచ్చిందన్నాడు. ఎంత సులువైన జవాబు! జ్యూరీ నమ్మింది, స్టీలోకు మరణశిక్ష పడింది. ఆ రివాల్వర్‌ను పేల్చి చూసి, హత్య తూటాలు దానివి కావని తేల్చినవాళ్లు తర్వాత వచ్చారు. 1918లో అతను విడుదలయ్యాడు. అప్పటికి నిపుణుడి పని అయిపోయింది కదా.

3. తూటా మీద గుర్తులు వేసే గొట్టం లోపలి గాడులు లెక్కపెట్టకండి. కోల్ట్ గొట్టంలో గాడులు 6, ఎడమకు తిరుగుతాయి. స్మిత్ అండ్ వెసన్‌లో 5, కుడికి తిరుగుతాయి. ఇది చూడబోతే అనుమానిత తుపాకీ చేతిలోంచి జారిపోతుంది. '32 కాలిబర్, సరిపోయింది' అని రాసి సంతకం పెట్టండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనడానికి ధైర్యం ఒక్కటే చాలు.

4. షాట్‌గన్ కేసు వస్తే పండగే. గొట్టం నున్నగా ఉంటుంది, సీసం గుళికల మీద గాడుల గుర్తులుండవు, ఫైలు మూసేయండి. ఖాళీ కార్ట్రిడ్జ్ అడుగున ఫైరింగ్ పిన్ పోటు ఉంటుందని ఎవరైనా అంటే, ఏరడానికి నడుం వంచాలని గుర్తుచేయండి.

5. దొరికిన తూటాలన్నీ ఒకే సంచిలో వేయండి. రాసుకుని కొత్త గీతలు పడతాయి, పోలికలకు కొదవుండదు.

6. కంపారిజన్ మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పండి. రెండు తూటాలను ఒకే చూపులో పక్కపక్కన చూపిస్తుంది. 1927లో తుపాకుల నిపుణుడు కాల్విన్ గొడార్డ్, హత్య కేసులో ముద్దాయిలైన సాకో, వాంజెట్టీల విషయంలో వాడింది దాన్నే. అది బల్ల మీదుంటే ఎవరైనా తొంగిచూస్తారు, మీ మాటకు విలువ పోతుంది.

7. తుపాకీని కోర్టులోనే విప్పండి. అదే కేసులో డిఫెన్సు తరఫున వచ్చిన హామిల్టన్, 1923లో సాకో కోల్ట్‌ను, తాను తెచ్చిన రెండు కొత్త కోల్ట్‌లను జడ్జి థేయర్ ఎదుటే విప్పి మళ్లీ బిగించాడు. కొత్తవాటితో బయల్దేరబోతే జడ్జి ఆపాడు. కొన్ని నెలలకు సాకో పిస్తోలులో కొత్త గొట్టం బయటపడింది. మార్చింది ప్రాసిక్యూషనే అన్నాడు హామిల్టన్. జడ్జి గొట్టాలు తిరిగి మార్పించాడు, ఎవరి పనో తేల్చలేదు. కాబట్టి పట్టుబడగానే అవతలి లాయరు వైపు వేలు చూపించి, తర్వాతి కేసు ఫైలు అందుకోండి.