తొడ తాకని వైద్యం

తెలుగు సినిమా హీరో తొడ కొడితే సుమోలు గాల్లోకి లేస్తాయి. మన పాలమూరు పోరడు తొడ పట్టుకుంటే స్కానింగ్ సెంటర్ల షట్టర్లు లేస్తాయి.

పోలీసు నోటిఫికేషన్ పడిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ గ్రౌండ్లు తెల్లారకముందే నిండుతాయి. 2022 నోటిఫికేషన్ లెక్కన మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. నిన్నటిదాకా కోచింగ్ సెంటర్ బెంచీకి అతుక్కున్న పిల్లలు ఇవాళ రెండు పూటలా తారు రోడ్డెక్కుతారు. నోటిఫికేషన్‌కు ఆఖరు తేదీ ఉంటుంది గానీ ఎముకకు ఆ తొందర తెలియదు. నలిగినచోట మరమ్మతు పూర్తికాకముందే మళ్లీ మళ్లీ భారం పడితే సన్నటి చీలిక మొదలవుతుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

ఇక ఓపీ గదిలో జరిగే మహా సంభాషణ:

“ఏమైంది?”

“తొడ గుంజుతుంది సార్. ఉరికితే...”

“ఎక్స్‌రే తీపిచ్చుకొని రా.”

రోగమంతా ఆ ‘ఉరికితే’ తర్వాతే ఉంది. అది వినేలోపే చీటీ చిరిగి చేతికొచ్చింది. కాసేపటికి ఫిల్మూ వచ్చింది. సారు దాన్ని వెలుగుకు పట్టి చూశాడు. తొడ ఎదురుగానే ఉంది, దానికేసి చూడలేదు. “ఎముక మంచిగుంది. ఏం లేదు, పో.”

ఈ రకం చీలిక మొదటి రెండు మూడు వారాలు చాలామందిలో ఎక్స్‌రేకు కనిపించదు. అయినా ఫిల్ము క్లీన్ చిట్ ఇచ్చాక నొప్పి చెప్పే మాటకు విలువేముంది? పోరడు మళ్లీ ఉరికాడు. చీలిక తుంటి దగ్గర, తొడ ఎముక మెడలో ఉంటే అది పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా పోవచ్చు. అప్పుడు మాత్రం ఎక్స్‌రేలో బ్రహ్మాండంగా కనబడుతుంది!

నొప్పి తగ్గలేదని రెండోసారి వస్తే ప్రమోషన్ ఖాయం: నడుముకు ఎమ్మారై. గద్వాలోడు కర్నూలుకు, వనపర్తోడు మహబూబ్‌నగర్‌కు, నాగర్‌కర్నూలోడు హైదరాబాద్‌కు బస్సెక్కుతాడు. నొప్పి తొడకు, ఫొటో నడుముకు! రిపోర్టులో ‘డిస్క్ ఉబ్బింది’ అని ఉండనే ఉంటుంది. నడుము నొప్పే ఎరగని ఇరవై ఏళ్లవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఈ ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఓ పెద్ద సమీక్ష తేల్చింది. అదెవరిక్కావాలి? ఖాకీ బెల్టు కోసం ఉరికినోడు నడుము బెల్టుతో ఇంటికి చేరాడు.

తప్పు ఎమ్మారైది కాదు. ఎక్స్‌రేకు అందని చీలికను అది తొలి దశలోనే పట్టేస్తుంది. గజ్జల్లో నొప్పి, కుంటు ఉన్నవాడికి ఎక్స్‌రే బాగుందన్నా సరే తుంటికి ఎమ్మారై ఆలస్యం చేయకూడదు. కావాల్సినచోట మానేసి, అక్కర్లేనిచోట తీయించడంలోనే ఉంది మన ప్రతిభంతా.

అడగాల్సినవి నాలుగే ముక్కలు: ఎన్ని రౌండ్లు ఉరుకుతున్నావు? ఎప్పుడు పెంచావు? రాత్రిళ్లు కూడా నొప్పా? ఆడపిల్లయితే, నెలసరి సరిగా వస్తోందా? తిండి చాలక నెలసరి ఆగితే ఎముకా బలహీనపడుతుంది మరి. తర్వాత డాక్టరు మనిషిని బల్ల అంచున కూర్చోబెట్టి, తొడ కింద తన ముంజేయి ఆనించి, మోకాలి మీద మెల్లగా కిందికి నొక్కాలి. ఎముక లోపల చురుక్కుమంటే అనుమానం బలపడినట్టే. కరెంటు అక్కర్లేదు, ఫిల్మూ అక్కర్లేదు. పాపం, పంచుకోవడానికి కమిషనూ ఉండదు. కమిషన్లు తీసుకోరాదని 2002 నాటి వైద్య నైతిక నియమావళిలోనే రాసి ఉంది. దాన్ని కూడా ఏ సారూ వెలుగుకు పట్టి చూసినట్టు లేదు.

ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింట్లోనూ సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడి పిల్లలకు ముందుగా ఒక అలవాటు నేర్పాలి: స్కానింగ్ చీటీ మీద ‘దేనికోసం వెతుకుతున్నాం’ అని ఒక్క వాక్యం రాయడం. ఆ గడి ఖాళీగా ఉంటే బిల్లు గడి కూడా ఖాళీగానే ఉండాలని సర్కారు ఓ నిబంధన పెట్టి చూడాలి. సార్ల చేతులు వాటంతటవే తొడ మీదికొస్తాయి.