తల లేని డైనోసార్‌కు దండాలు

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడ్డ కోటసారస్ చేసిన నేరం ఒక్కటే: చచ్చి ఊరుకోకుండా ఎముకలు మిగల్చడం. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర 1970ల్లో భూగర్భ శాస్త్రవేత్తలు తవ్వితే 840 ఎముకలు బయటపడ్డాయి, 12 జంతువులవి. వాటితో 14 మీటర్ల పొడవున అస్థిపంజరం నిలబెట్టారు. సెలవు రోజున వెళ్లి చూడండి, దాని ముందు సెల్ఫీల జాతరే. మన మట్టిలో పుట్టిన డైనోసార్ కదా, ఛాతీ ఉప్పొంగదూ?

ఉప్పొంగనివ్వండి. ఆ ఎముకలు చెప్పే మాట మాత్రం చెవిన వేసుకోకండి. ఒళ్లు చూస్తే తర్వాతి కాలపు పొడుగుమెడ మహాకాయుల బాపతు. తొడ ఎముక చూస్తే పాత తరం పోలికలు ఇంకా వదల్లేదు. పాతకూ కొత్తకూ నడుమ మజిలీ అది, పరిణామానికి నిలువెత్తు సాక్ష్యం. పాపం, పళ్లు తప్ప తల దొరకలేదు. అదేం లోపం కాదులెండి, తల లేకపోవడం మన దగ్గర ఏ పదవికీ అనర్హత కాదు.

2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ గారు డార్విన్‌ది తప్పని తేల్చేశారు. కోతి మనిషి కావడం మన పూర్వీకులెవరూ చూసినట్టు రాయలేదు, చెప్పలేదు అన్నది ఆయన వాదన. పూర్వాశ్రమంలో ఆయన ముంబయి పోలీస్ కమిషనర్. ప్రత్యక్ష సాక్షి లేని కేసును ఎలా ఒప్పుకుంటారు? వేలిముద్రలు చూసి దొంగను పట్టుకున్న పాపం మన పోలీసులు ఏనాడైనా చేశారా? దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి మంత్రిగారి మాట తప్పని ప్రకటించాయి. పాపం, వాళ్లూ ప్రత్యక్ష సాక్షులు కారాయె.

మరుసటేడు జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మనవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. డార్విన్ కన్నా దశావతారాలే మెరుగైన సిద్ధాంతమనీ, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బిడ్డలనీ సాక్షాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి సెలవిచ్చారు. విష్ణుమూర్తికి డార్విన్‌తో పోటీ పరీక్ష పెట్టి, పేపర్లు దిద్దే పని తామే పుచ్చుకున్నారన్నమాట. నాస్తికులు కూడా దేవుడికి ఇంత అవమానం చేయలేదు.

ఇక మ్యూజియాల భాగ్యం. ఢిల్లీలో జాతీయ సహజ చరిత్ర మ్యూజియాన్ని 1978లో ఫిక్కీ భవనంలో తెరిచారు. 2016 ఏప్రిల్ 26 తెల్లవారేలోపు అది కాలిపోయింది. 16 కోట్ల ఏళ్లనాటి డైనోసార్ ఎముక ఉన్న చోటు అది. అన్ని కోట్ల ఏళ్లూ మట్టి కాపాడింది. మన చేతికొచ్చాక ఆ చోటే బుగ్గి కావడానికి ఒక్క రాత్రి చాలింది.

మంటలకు అందని పాఠ్యపుస్తకాన్ని కత్తెర అందుకుంది. పదో తరగతిలో ‘అనువంశికత, పరిణామం’ పాఠంలో రెండో సగం కోసేసి, 2023 పుస్తకంలో అనువంశికత ఒక్కటే మిగిల్చింది ఎన్‌సీఈఆర్‌టీ. పిల్లల మీద భారం తగ్గించడానికట! 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలూ ఉపాధ్యాయులూ వద్దు మొర్రో అని లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉందిగా అన్నది సమర్థకుల జవాబు. ఉంది, నిజమే. పది పరీక్షలు రాయకముందే పిల్లాడికి ఎంపీసీ సీటు ఖాయం చేసే తెలుగు తల్లిదండ్రులకు ఇంతకన్నా శుభవార్త ఏముంది? ఇక డార్విన్ వాళ్ల గడప తొక్కడు.

పరిణామం ఎవరూ చూడలేదన్న పెద్దలను ఆ గోదావరి తీరానికే, పత్తి చేలకు తీసుకెళ్లాల్సింది. 2002లో బీటీ పత్తి వచ్చిన కొత్తలో గులాబీ రంగు పురుగు కాయ కొరికితే చచ్చేది. తట్టుకుని బతికిన కొన్ని మొండి పురుగులే పిల్లల్ని పెట్టాయి. తరాలు గడిచేసరికి మొండి సంతతే మిగిలి, తర్వాత వచ్చిన రెండు జన్యువుల బీటీ పత్తి బోల్‌గార్డ్-2 కూడా దాని ముందు చేతులెత్తేసింది. డార్విన్ చెప్పింది ఇదే. విత్తన ప్యాకెట్‌తోపాటు నాన్‌బీటీ గింజలిచ్చి చేను చుట్టూ వేయమన్నది కూడా ఇందుకే. అక్కడ బతికిన మామూలు పురుగులు మొండివాటితో జతకడితే పుట్టే పిల్లల్లో ఆ మొండితనం పలచనవుతుంది. ఈ మాట రైతుకు అర్థమయ్యేలా చెప్పిన నాథుడు లేడు. చాలా చోట్ల ఆ గింజలు నేలలో పడనేలేదు.

ఆ పాఠాన్ని పిల్లల పుస్తకంలోంచి తీసేయగలిగారు గానీ పురుగు చదువు మాన్పించలేకపోయారు. అది ఏటా ఫస్ట్ క్లాసులో పాసవుతోంది. ఫీజు మాత్రం రైతు కడుతున్నాడు, పురుగుమందుల షాపులో, అప్పు తెచ్చి.