నీకు నువ్వే దొర

మందమర్రిలో ఇప్పుడు కొలువు అడగడమంటే నామోషీ. అడిగేవాళ్లకు కాదు, ఇవ్వాల్సినవాళ్లకు. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికులు 40 వేల దగ్గరికి దిగారు. బొగ్గుబాయి మూతపడితే ఓపెన్‌కాస్టు, ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు. మిగిలింది కారుణ్య నియామకం. అంటే కొడుక్కి నౌకరీ రావాలంటే తండ్రి పోవాలి, లేదా మెడికల్ బోర్డు ఆయన్ని అన్‌ఫిట్ అనాలి. ఆ మాట అనిపిస్తామని లక్షలు గుంజే దళారులు ఎలాగూ ఉన్నారు. ఇంత తిప్పలెందుకని ఉచిత సలహాదారులు కొత్త దారి చూపిస్తున్నారు: ల్యాప్‌టాప్ కొనుక్కో, ఫ్రీలాన్సింగ్ చెయ్యి, నీకు నువ్వే దొర!

దొరతనానికి మొదటి మెట్టు కోర్సు. ఇంట్లో కూర్చుని నెలకు లక్ష సంపాదించడం ఎలాగో నేర్పుతారు. నేర్పేవాడు నిజంగానే సంపాదిస్తున్నాడు, నేర్చుకునేవాళ్ల ఫీజులతో. చేతిలో అసలైన విద్య ఉండి ఈ దారిలో బతుకుతున్నవాళ్లూ ఉన్నారు, కాదనను. వాళ్లకు కోర్సులు అమ్మే తీరిక లేదు.

రెండో మెట్టు అప్‌వర్క్, ఫ్రీలాన్స్ పనులు దొరికే వెబ్‌సైటు. ఇక్కడ పని అడగాలంటే కనెక్టులు అనే టోకెన్లు కావాలి. మొదట్లో చేతిలో పెట్టేవి నాలుగు రోజుల్లో అయిపోతాయి, ఆపైన ఒక్కోటి 15 సెంట్లు పెట్టి కొనాలి. ఒక దరఖాస్తుకు పదిహేను ఖర్చయితే దాదాపు 200 రూపాయలు. అవతలివాడు దాన్ని తెరిచి చూడకపోయినా పోయినవి పోయినట్టే. దరఖాస్తు పైవరసలో కనబడాలంటే ఇంకొన్ని కనెక్టులతో వేలం పాడాలి. కూలివాడే కూలికోసం వేలం పాడే సంత ఇది. బదిలీ వర్కర్లు మస్టర్ (ఆ రోజు హాజరు) కోసం బాయి గేటు దగ్గర పడిగాపులు కాసిన రోజుల్లో కూడా, నిలబడ్డందుకు కంపెనీ టికెట్ పెట్టలేదు.

ఫైవర్ అనే ఇంకో సైటులో ఆ బాధ లేదు, కోత అంతా చివర్లో. పది డాలర్ల పనికి రెండు డాలర్లు వాళ్లవి. పని నచ్చి ఎవరైనా బక్షీసిస్తే అందులోనూ 20 శాతం! చాయ్ పైసల్లో వాటా అడిగిన మేస్త్రిని మన బొగ్గుబాయిలు చూశాయో లేదో, పెద్దలే చెప్పాలి.

గంటల లెక్కన పని దొరికిందా, మరీ మంచిది. అప్‌వర్క్ సాఫ్ట్‌వేర్ గంటకు ఆరుసార్లు మన స్క్రీన్ ఫొటో తీసి, కీబోర్డు ఎంతసేపు ఆడిందో లెక్కరాసి, అమెరికా క్లైంట్ ముందు పెడుతుంది. మన కల్యాణిఖని బాయిలో ఓవర్‌మెన్ పది నిమిషాలకోసారి వచ్చి చేయి ఆడుతోందా లేదా అని ఫొటో తీసుంటే, తెల్లారి గేట్ మీటింగే! ఇక్కడ గేటే లేదు, మీటింగ్ ఎక్కడ పెడతావు? కూలి రేటు కట్టే వేజ్ బోర్డు అసలే లేదు. నువ్వు ఐదు డాలర్లంటే ఇంకెక్కడో ఉన్నవాడు నాలుగంటాడు.

పైగా క్లైంటుకు పగలైతే మనకు రాత్రి. వారసత్వ ఉద్యోగాలు పోయాయని ఎవరన్నారు? నైట్ షిఫ్టు తండ్రి నుంచి కొడుక్కి భద్రంగా అందింది. తెల్లారి బాయి నుంచి వచ్చిన తండ్రి అడుగుతాడు:

"మస్టర్ పడ్డదా బిడ్డా?"

"క్లైంటు దరఖాస్తు చూసిండట బాపూ."

"చూస్తే పైసలిస్తడా?"

"ఇయ్యడు. చూసిండని మెసేజ్ వస్తది."

ఈ విసుగులోనే టెలిగ్రామ్‌లో ఒక మేడమ్ పలకరిస్తుంది. హోటళ్లకు స్టార్లు కొట్టు, చాలు. మొదటిరోజు 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడతాయి. తర్వాత ప్రీపెయిడ్ టాస్క్: ఐదు వేలు కడితే ఏడు వేలు. తర్వాత యాభై వేలు. స్క్రీన్ మీద లక్షలు కనబడతాయి, తీసుకోబోతే ట్యాక్స్ కట్టమంటారు. టైపింగ్ పని ఇంకో రకం. రాత్రింబవళ్లు పేజీలు కొట్టాక తప్పులెక్కువంటూ పైసలు ఎగ్గొట్టి, అగ్రిమెంట్ తప్పావని వకీలు పేరుతో నోటీసు పంపుతారు. ఆ కాగితం చూసి భయపడి ఇంట్లో బంగారం కుదువపెట్టకండి.

తమ్ముడూ, పని ఇస్తానన్నవాడు నీ దగ్గరే పైసలు అడిగితే ఫోన్ పెట్టెయ్. ఇప్పటికే కట్టి ఉంటే పరువు పోతుందని దాచుకోకు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే వీలు అంత ఉంటుంది.