980 వచ్చేదాకా

(ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. అడ్మిషన్ల రోజులు. హెల్ప్‌డెస్క్ ఫిజిక్స్ ల్యాబులో పెట్టారు, ఫ్యాను తిరిగే గది అదొక్కటే కాబట్టి. బల్ల వెనక ముగ్గురు: ఫిజిక్స్ మాస్టారు, సైకాలజీ మేడమ్, పాలిటిక్స్ మాస్టారు. ఈయనే ఇన్‌చార్జి ప్రిన్సిపాలు కూడా. బల్లకిటు ఒక తండ్రి. ఆయన వెనక కూతురు. చదవబోయేది ఆమే అయినా, నిలబడ్డది వెనకే.)

తండ్రి: నమస్కారమండీ. ఇంజనీరింగులో మంచి సీటు తగల్లేదు. డిగ్రీలో దేనికి ప్యాకేజీ బాగుంటుందండీ?

పాలిటిక్స్ మాస్టారు: ప్యాకేజీ అంటే ఎన్నికలప్పుడు ప్రకటించేదే మాకు తెలుసు. కానీ గ్రూప్స్ రాయాలంటే పాలిటీ రాక తప్పదు. మొదటి పాఠమే రాజ్య లక్షణాలు. జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. నేను చదివినప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. నోట్సు మార్చాల్సిన అవసరమే రాలేదు.

కూతురు: సార్, పార్టీ ఫిరాయింపుల చట్టం...

పాలిటిక్స్ మాస్టారు: 1985. పదో షెడ్యూలు. ఐదు మార్కులు.

కూతురు: చట్టం ఉన్నా ఎలా ఫిరాయిస్తున్నారు సార్?

పాలిటిక్స్ మాస్టారు: అది సిలబస్‌లో లేదమ్మా.

తండ్రి: నువ్వూరుకో. పెద్దవాళ్ళం మాట్లాడుతున్నాం కదా.

పాలిటిక్స్ మాస్టారు: అన్నట్టు, పద్దెనిమిది నిండాయా? ఓటరుగా నమోదు చేయిద్దాం. పూర్వం 21 ఉండేది, 61వ సవరణతో 1989లో 18కి దించారు.

తండ్రి: ఓటు దాని ఇష్టం. గ్రూపు మాత్రం నేను చెప్పిందే. మేడమ్, సైకాలజీ అంటే ఎదుటివాళ్ళ మనసులో ఏముందో చెప్పేస్తారటగా?

సైకాలజీ మేడమ్: పెళ్ళికెళ్ళినా ఇదే ప్రశ్న, బస్సెక్కినా ఇదే ప్రశ్న. చెప్పేయడం చిలక జోస్యం వాళ్ళ పనండీ. మేం కొలుస్తాం. ఎబ్బింగ్‌హాస్ అని ఒక జర్మన్. అర్థం లేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతాడో తన మీద తనే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. గంట తిరక్కుండానే సగానికి పైగా పోయిందట.

తండ్రి: దానికి జర్మనీ దాకా ఎందుకు మేడమ్? మా అమ్మాయి ఇంటర్ రెండేళ్ళూ చేసిందదే. పైగా ఫీజు నేను కట్టాను.

(కూతురు ఈలోగా కిటికీ పక్కనున్న స్టాండు దగ్గరికి వెళ్ళింది. దారానికి ఇత్తడి గుండు వేలాడుతోంది.)

ఫిజిక్స్ మాస్టారు: అది లఘులోలకమమ్మా. మా మొదటి ప్రయోగం. చాలా తేలిక. గురుత్వ త్వరణం 980 సెంటీమీటర్లు వస్తుంది. అందరికీ వస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఒక్కడికి కూడా తప్పు రాలేదు.

కూతురు: నేనోసారి చూడనా సార్?

ఫిజిక్స్ మాస్టారు: చూడాల్సిందేముంది, సీనియర్ల రికార్డు ఇస్తాను, రీడింగులు అందులో ఉంటాయి. సరే, ముచ్చట పడుతున్నావు కాబట్టి కానీ.

(ఆమె చెక్క స్కేలు తెచ్చి, దారం కట్టిన చోటు నుంచి గుండు మధ్య దాకా సరిగ్గా 100 గీతకి సరిచేసింది. గుండు కొంచెం పక్కకి లాగి వదిలి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, పెదవులతో లెక్కపెట్టింది. ఇరవై డోలనాలకు 39.5 సెకన్లు. మళ్ళీ చేసింది. మళ్ళీ 39.5. తండ్రి ఇచ్చిన దరఖాస్తు వెనకే లెక్క వేసింది.)

కూతురు: 1012 వస్తోంది సార్.

ఫిజిక్స్ మాస్టారు: అలా రాదు.

పాలిటిక్స్ మాస్టారు: మెజారిటీ 980కే ఉంది కదమ్మా, ఒప్పుకో.

సైకాలజీ మేడమ్: నలుగురూ తప్పు చెబితే ఎదురుగా ఉన్న గీత పొడవును కూడా తప్పు చెప్పే మనుషుల మీద ఆష్ చేసిన ప్రయోగం మా సిలబస్‌లో ఉంది. ఈ అమ్మాయిని నాకివ్వండి.

కూతురు: (స్కేలు తిప్పి చూసి) సార్, దీనికి మొదటి మూడు సెంటీమీటర్లు లేవు. విరిగిపోయింది. మూడు నుంచి మొదలవుతోంది. అంటే దారం 97 అన్నమాట. (లెక్క వేసి) 982!

(కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.)

అటెండర్: (టీ గ్లాసులు పెడుతూ) నేను చేరేటప్పటికే అది విరిగుందమ్మా. దాంతో కొలిచిందాన్ని నిన్నే చూడ్డం.

తండ్రి: అయితే సార్, మా అమ్మాయికి ఫిజిక్సులో ప్యాకేజీ...

ఫిజిక్స్ మాస్టారు: (గొంతు సవరించుకుని) సీటు ఖాయం. బాగా చేశావమ్మా. రికార్డులో మాత్రం 980 అని రాయి. బయటి ఎగ్జామినర్ వస్తాడు.

పాలిటిక్స్ మాస్టారు: ఇంతకీ కొత్త స్కేలు కొనలేదేమయ్యా ఇన్నాళ్ళూ?

అటెండర్: ఇండెంటు పెట్టి ఆరేళ్ళయింది సార్. ఫైలు మీ టేబులు మీదే ఉంది, సంతకానికి.