ఊపిరి పీల్చండి, సంతకం అడగకండి

వరద తగ్గాక మా రేపల్లె వైపు పల్లెల్లోకి ముందు బురద వస్తుంది, తర్వాత పులిహోర పొట్లాలు వస్తాయి, ఆఖర్న మనోధైర్యం వస్తుంది. మొదటి రెండూ నడుచుకుంటూ వస్తాయి. మూడోది ఏసీ కారులో, బ్యానరుతో సహా దిగుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. పెనుమూడి చుట్టుపక్కల కరకట్టకు నదివైపు బతికేదెవరు? చేపలు పట్టేవాళ్లు, లంకల్లో కౌలుకు అరటి, పసుపు, కంద వేసేవాళ్లు. కట్టకు ఇవతలివాళ్లకు వరద టీవీలోనే వస్తుంది. కృష్ణమ్మకు కులం తెలియదు. ఎవరు ఏ పక్కనుండాలో తేల్చినవాళ్లకు బాగా తెలుసు.

మనోధైర్య సదస్సులోనూ అదే వరస. వేదిక మీద సార్లు, ముందు కుర్చీల్లో ఆసాములు, కింద పట్టా మీద కౌలుదార్లు. ‘కళ్లు మూసుకోండమ్మా, గట్టిగా ఊపిరి పీల్చండి, మీ బాధ చెప్పుకోండి’ అంటారు. ఎవరి ముందు? నిరుడు కౌలు పెంచిన ఆసామి ముందే! ‘బాగానే ఉన్నామండీ’ అంటుంది కౌలు చేసే ఆమె. ‘కోలుకుంటున్నారు’ అని పుస్తకంలో పడుతుంది.

2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం ఉండాలి. దానికోసం తిరిగి తిరిగి నిద్ర పట్టనివాడికి ఆందోళన జబ్బట. సంతకం పెట్టనివాడు మాత్రం సంపూర్ణ ఆరోగ్యవంతుడు! మానసిక సహాయ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఓపిగ్గా వింటారు, మంచిదే. ఆసామి చేత సంతకం పెట్టించే నంబరేది?

ఊపిరి పీలిస్తే మానని గాయాలూ ఉన్నాయి. తెనాలి దగ్గరి చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చనిపోయినవాళ్ల తల్లులను ఎన్ని అంకెలు లెక్కపెడుతూ ఊపిరి వదలమంటారు సార్?

నాదొక చిన్న మనవి. వచ్చే సదస్సులో కుర్చీలు తారుమారు చేయండి. మైకు కౌలుదారుకివ్వండి. ఆసామి, తాసిల్దారు పట్టా మీద కూర్చుని, గట్టిగా ఊపిరి పీల్చుకుంటూ వినాలి. వాళ్లకు చెమటలు పడితే కంగారొద్దు, వైద్యం పనిచేస్తున్నట్టే. అయ్యాక ఒప్పందం కాగితం బయటికి తీయండి. పెన్ను మేం తెస్తాం.