కిరాయి మిషన్ ఆత్మకథ

హైర్ షాపు ఓనరు, ఆటో అన్న, ఇంటావిడ అందరూ ‘ఆ మిషన్’ అనే అంటారు. అలవాటైపోయి, సొంత కథ చెప్పుకునేటప్పుడు కూడా ఈ ప్రెషర్ వాషర్‌కు ‘నేను’ అని నోరు తిరగదు. ఉండేది హైదరాబాద్‌లో, డ్రిల్లింగ్ మిషన్లకూ సెంట్రింగ్ సామానుకూ మధ్య. వానలు వెనకబట్టి దసరా దగ్గరపడితే చాలు, దీనికి ఒక్క పూట తీరిక దొరకదు.

ఈ జాతికి పేరు తెచ్చిన దేశం జర్మనీ. ఆల్ఫ్రెడ్ కార్చర్ 1935లో స్టుట్‌గార్ట్‌లో కంపెనీ పెట్టాడు. యూరప్‌లో తొలి వేడినీళ్ల హై ప్రెషర్ క్లీనర్‌ను ఆ కంపెనీ 1950లో తెచ్చింది. 2005లో అమెరికాలో రష్‌మోర్ కొండ మీది నలుగురు అధ్యక్షుల ముఖాలు కడిగింది కూడా వాళ్లే.

కిరాయి మిషన్‌కు అంత వైభవం లేదు. దీని ఒత్తిడి 110 బార్లు. డాబా మీద పది మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే కింది నల్లాలో వచ్చే ఒత్తిడి సుమారు ఒక బార్, అంతే. అలాగని నీళ్లు పారబోసే రకమూ కాదు. గంటకు 360 లీటర్లతో పని కానిచ్చేస్తుంది. సంచీలో రంగురంగుల నాజిల్స్ ఉంటాయి. ఎరుపు పెడితే నీళ్లు సూదిలా దూసుకొస్తాయి. పసుపుకు 15 డిగ్రీలు, ఆకుపచ్చకు 25, తెలుపుకు 40 డిగ్రీల వెడల్పున ధార విచ్చుకుంటుంది. నలుపు సబ్బు నీళ్లకు. కిరాయికి తీసుకెళ్లేవాళ్లలో చాలామంది చెయ్యి ముందు ఎరుపు మీదికే పోతుంది.

ఒక ఇంటి ప్రహరీ వాన నీటికి నల్లగా పాకుడు పట్టింది. “ఇంకా దగ్గర పెట్టు తమ్మీ, మొత్తం పోవాలె” అన్నాడు ఇంటాయన. గన్ గోడకు జానెడు దూరంలోకి వచ్చింది. పాకుడుతో పాటు పెయింటు, దాని కింది పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడి కాలువలో పడ్డాయి. సిమెంటు సందుల్లో దాగిన నాచు మాత్రం చావలేదు, తర్వాతి వానలకు మళ్లీ పచ్చగా లేచింది.

పక్క గల్లీలో పెయింటర్ పద్ధతి వేరు. ముందు గోడ పక్క మొక్కలను మంచినీళ్లతో తడిపాడు. హైపోక్లోరైట్ బ్లీచ్‌ను నీళ్లలో పలచగా కలిపి, చేతి స్ప్రేయర్‌తో కింది నుంచి పైకి కొట్టాడు. పైనుంచి మొదలుపెడితే పొడిగోడ మీద చారలు పడతాయట. పావుగంటలోపే, మందు ఆరకముందే మిషన్‌కు తెల్ల నాజిల్ బిగించి, దూరంగా నిలబడి పైనుంచి కిందికి కడిగేశాడు. నాచును చంపింది బ్లీచ్, మిషన్ చేసిందల్లా చచ్చినదాన్ని సాగనంపడమే.

గట్టిగా కనిపించే రాయికీ బలహీనత ఉంటుంది. ఇంకో ఇంటి వరండాలో తాండూరు బండల మీద సిమెంటు మరకలున్నాయి. మేస్త్రీ యాసిడ్ సీసా మూత తీశాడు. పోసిన చోటల్లా బుసబుసా నురగ లేచింది. మరక పోయింది, దాంతో పాటే బండ నునుపూ పోయి తెల్లగా పాలిపోయింది. తాండూరు, బేతంచర్ల, కడప బండలన్నీ సున్నపురాళ్లే. యాసిడ్ వాటిని కరిగిస్తుంది. వీటికి పలచటి సబ్బు నీళ్లు, నైలాన్ బ్రష్ చాలు. ఆ మేస్త్రీ యాసిడ్ కలిపిన బకెట్లోనే బ్లీచింగ్ పౌడర్ వేయబోతుంటే ఇంటావిడ “అయ్యో, వద్దు నాయనా!” అని లాగేసింది. వేసి ఉంటే విషపు క్లోరిన్ వాయువు లేచేది.

మిషన్ మనసారా పనిచేసేది పార్కింగ్‌లోనే. కాంక్రీటు నేల మీది టైరు మచ్చలు, ఎండిన బురద ఆకుపచ్చ నాజిల్‌కు లొంగుతాయి. పేవర్ టైల్స్ అయితే ధారను ఏటవాలుగా పట్టాలి, సందుల్లోని ఇసుక లేచిపోతే తర్వాత మళ్లీ నింపాలి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు ఈ ధారకు వంగిపోతాయి. టేకు తలుపుకు నార లేస్తుంది, దానికి తడిగుడ్డే మేలు.

మొన్న ఒకరు సోలార్ ప్యానెళ్లు కడగడానికని మిషన్‌ను మూడో అంతస్తు దాకా మోయించారు. హై ప్రెషర్ నీళ్లు ప్యానెల్ అంచుల సీలును దెబ్బతీస్తాయని, ఎండకు కాలిన గాజు మీద చన్నీళ్లు పడితే పగలవచ్చని, బోరు నీళ్లు ఆరితే తెల్లమచ్చలు మిగులుతాయని టెక్నీషియన్ చెప్పాడు. మర్నాడు తెల్లవారుజామున వాళ్లే మంచినీళ్లు, మెత్తని మాప్‌తో తుడుచుకున్నారు. మిషన్ ప్లగ్గులో పెట్టనే లేదు, కిరాయి మాత్రం రెండు రోజులకూ పడింది.